గ్లాసీ పేపర్ మీద బ్లాక్ అండ్ వైట్ ఫోటో ప్రింట్ చేస్తే ఆకుపచ్చ ఛాయ ఎందుకు వస్తుంది?

మామూలు ఇంక్‌జెట్‌లో గ్రే ఇంకు ఉండదు. బూడిద ఛాయలను ఎక్కువగా సయాన్, మెజెంటా, పసుపు కలిపే తయారుచేస్తుంది. ఆ పాళ్లు కాస్త తప్పినా ఆకుపచ్చో గులాబీయో తొంగిచూస్తుంది. పైగా ఎండలో ఒకలా, బల్బు కింద ఇంకోలా కనిపిస్తుంది. గ్రే ఇంకులు విడిగా ఉన్న ప్రింటరే దీనికి అసలైన మందు. అలాంటి ఎప్సన్ ఫోటో ప్రింటర్లలో అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ మోడ్ ఉంటే అదే ఎంచుకోండి.

ప్రింట్ సెట్టింగ్స్‌లో పేపర్ రకం గ్లాసీ అనే పెట్టాలి. మ్యాట్ అని పెడితే కొన్ని ప్రింటర్లు మెరుపులేని కాగితానికి ఉద్దేశించిన మ్యాట్ బ్లాక్ ఇంకు వాడతాయి, అది నిగనిగలాడే కాగితానికి సరిగా పట్టదు.

పిగ్మెంట్ ఇంకుతో (సన్నని రంగు రేణువులుండే ఇంకు) ఇంకో చిక్కుంది: ఇంకు పడని తెల్లభాగం వేరేగా మెరుస్తుంది. ఫోటో ఎడిటింగ్ యాప్‌లో పూర్తి తెలుపు విలువను 255 నుంచి 250కి దించితే అక్కడా పలచగా ఇంకు పడి ఆ తేడా తగ్గుతుంది. ఛాయ సరిచేసే ముందు ప్రింట్‌ను ఒక రోజు ఆరనివ్వండి.