స్కూల్ బోర్డు ఎన్నికలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అమెరికాలో వర్జీనియా రాష్ట్రంలోని లౌడన్, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలవే. అందుకని కింద చెప్పిన తేదీలూ సంతకాల లెక్కలూ వర్జీనియావి. జార్జియాలోనో టెక్సస్‌లోనో ఉంటున్నవాళ్ళకు అవి వర్తించవు. వీసా సంగతులు మాత్రం దాదాపు ఏ రాష్ట్రంలో ఉన్నా ఇవే.

టెక్సస్ నుంచి ఈ మధ్యే లౌడన్ కౌంటీలోని యాష్‌బర్న్ వచ్చాం. ఇక్కడి స్కూల్ బోర్డు చేతిలో అసలేముంది? ఇంటి పన్ను తగ్గిస్తానని ఒక అభ్యర్థి గుమ్మం దాకా వచ్చి చెప్పి వెళ్ళాడు. నమ్మొచ్చా?

పన్ను అతని చేతిలో ఉండదు. టెక్సస్‌లో ఐఎస్‌డీ (అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్) తన పన్ను తానే వేసుకుంటుంది. వర్జీనియాలో స్కూల్ బోర్డుకు ఆ అధికారం లేదు. జనవరిలో సూపరింటెండెంట్ (కౌంటీ బడులన్నిటికీ పెద్ద అధికారి) బడ్జెట్ ప్రతిపాదిస్తారు, బోర్డు దాన్ని సరిదిద్ది కౌంటీకి పంపుతుంది. ఏప్రిల్‌లో ఎంత ఇవ్వాలో, దానికోసం ఇంటి పన్ను రేటు ఎంత పెట్టాలో తేల్చేది కౌంటీ పాలక మండలి అయిన బోర్డ్ ఆఫ్ సూపర్వైజర్స్. అది వేరే ఎన్నిక. కొత్త బడి కట్టడానికి కౌంటీ బాండ్లు తేవాలంటే నవంబరు బ్యాలెట్ మీద ఓటర్లనే అడగాలి. ఆ ప్రశ్న చాలాసార్లు కాగితం వెనకవైపు ఉంటుంది. తిప్పి చూడండి.

ఇక స్కూల్ బోర్డు చేతిలో ఉన్నవి: సూపరింటెండెంట్‌ను పెట్టుకోవడం, తీసేయడం, ఏ వీధి పిల్లలు ఏ బడికి వెళ్ళాలో గీత గీయడం, బడి కేలెండరు (లౌడన్‌లో దీపావళికి సెలవు ఉందంటే అది బోర్డు ఓటు వల్లే), ప్రత్యేక బడుల ప్రవేశ నిబంధనలు. ఆ చివరిది మనవాళ్ళకు బాగా తగిలిన విషయం. సైన్స్, టెక్నాలజీల ప్రత్యేక బడి అయిన థామస్ జెఫర్సన్ హైస్కూల్‌కు ప్రవేశ పరీక్ష ఎత్తేసి, ఒక్కో మిడిల్ స్కూల్‌కు 8వ తరగతి పిల్లల్లో 1.5 శాతం సీట్లు కేటాయించింది 2020లో ఫెయిర్‌ఫాక్స్ స్కూల్ బోర్డు. దానిమీద కోర్టుకు వెళ్ళారు. 2023లో అప్పీల్ కోర్టు బోర్డు పక్షాన తీర్పిచ్చింది, 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేసు తీసుకోనంది. లౌడన్ పిల్లలు కూడా ఆ బడికి వెళ్తూ వచ్చారు, కానీ లౌడన్ ఓటర్లకు ఫెయిర్‌ఫాక్స్ బోర్డులో ఓటు లేదు. మార్పు నచ్చినా నచ్చకపోయినా, కోర్టులో కొట్లాడిన మూడేళ్ళ కన్నా, అంతకు ముందు జరిగిన బోర్డు ఎన్నికే అసలు ఘట్టం. ఆ ఎన్నికప్పుడు మన వాట్సాప్ గ్రూపులు నిద్రపోతున్నాయి.

బడుల్లో పెట్టే ఎస్‌ఓఎల్ (స్టాండర్డ్స్ ఆఫ్ లెర్నింగ్) పరీక్షలు మాత్రం రాష్ట్రానివి. వాటిని మారుస్తానని చెప్పే కౌంటీ అభ్యర్థి మాటలు పక్కన పెట్టండి.

నాది హెచ్-1బి, మా ఆవిడది హెచ్-4. ఓటు లేదని తెలుసు. అభ్యర్థికి వంద డాలర్లు విరాళం ఇవ్వొచ్చా? ఇంట్లో మీటింగ్ పెట్టొచ్చా?

ఇవ్వకూడదు. వంద కాదు, ఒక్క డాలరు కూడా. సిటిజన్ గానీ గ్రీన్ కార్డ్ హోల్డర్ గానీ కానివాళ్ళు ఏ ఎన్నికకూ డబ్బివ్వడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది. స్కూల్ బోర్డు కూడా అందులోకే వస్తుంది. గ్రీన్ కార్డ్ ఉన్న స్నేహితుడి చేతికి డబ్బిచ్చి అతని పేరు మీద ఇప్పించడం ఇంకా పెద్ద తప్పు, అప్పుడు ఇద్దరూ ఇరుక్కుంటారు. వర్జీనియాలో విరాళానికి పైపరిమితి లేదు కాబట్టి ఎవరూ పట్టించుకోరని కొందరనుకుంటారు. కానీ వంద డాలర్లు దాటిన ప్రతి దాత పేరూ చిరునామా అభ్యర్థి లెక్కల్లో బహిరంగంగా కనిపిస్తాయి.

చేయగలిగింది కూడా ఉంది. జీతం తీసుకోకుండా వాలంటీరుగా పనిచేయవచ్చు: తలుపులు తట్టడం, ఫోన్లు చేయడం, తెలుగులో కరపత్రం అనువాదం చేసిపెట్టడం. డబ్బు తీసుకుంటే మాత్రం అది వీసా సమస్యగా కూడా మారుతుంది. ఇంట్లో మీటింగ్ విషయంలో కాస్త జాగ్రత్త పడండి. యాభై మందికి బిర్యానీ మీ ఖర్చుతో పెట్టిస్తే అది కూడా విరాళం కిందకే రావచ్చు. సిటిజన్ అయిన స్నేహితుడి ఇంట్లో, వాళ్ళ ఖర్చుతో పెట్టుకుంటే గొడవ లేదు.

బోర్డు మీటింగులో మాట్లాడటానికి వీసా అడ్డు కాదు. మీ పిల్లలు ఆ బడుల్లో చదువుతున్నారు, అది చాలు. మీటింగులు సాధారణంగా లౌడన్‌లో మంగళవారాలు, ఫెయిర్‌ఫాక్స్‌లో గురువారాలు; ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. ఒక్కొక్కరికి రెండు మూడు నిమిషాలే ఇస్తారు. రెండు నిమిషాలంటే నెమ్మదిగా చదివితే ఇంగ్లీషులో 250 పదాలు. అంతకన్నా ఎక్కువ రాసుకెళ్తే అసలు విషయానికి రాకముందే గంట మోగుతుంది. మొదటి వాక్యంలోనే ఏ తీర్మానం గురించో, దానికి అవునంటున్నారో కాదంటున్నారో చెప్పేయండి.

డీఎంవీలో లైసెన్స్ రెన్యూవల్ చేయించుకుంటే నెల తర్వాత ఓటర్ కార్డు ఇంటికొచ్చింది. నాకు గ్రీన్ కార్డే ఉంది. పారేస్తే సరిపోతుందా?

పారేయొద్దు, ఊరుకోనూ వద్దు. ఇది మనవాళ్ళలో అప్పుడప్పుడూ జరుగుతున్నదే. డీఎంవీ మెషీన్ మీద సిటిజన్ అవునా అన్న ప్రశ్నకు తొందరలో వేలు తప్పు చోట పడుతుంది, లేదా కౌంటర్లో ఉన్నాయన అడిగిందానికి అర్థం కాక తల ఊపుతాం. ఫలితం మాత్రం చిన్నది కాదు. సిటిజన్ అని తప్పుగా చెప్పుకోవడం ఇమిగ్రేషన్ చట్టంలో క్షమాపణ దాదాపు లేని తప్పుల్లో ఒకటి. ఓటు కూడా వేస్తే డిపోర్టేషన్ దాకా పోవచ్చు.

వరుసగా చేయాల్సినవి. ఒకటి, ఏ కాగితం మీదా సంతకం పెట్టకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ను కలవండి. డీఎంవీలో మీరు ఏ పెట్టెలో టిక్ పెట్టారన్నదే కేసును అటో ఇటో తిప్పుతుంది, కాబట్టి ఆ రికార్డు కాపీ తెప్పించుకోవాలి. రెండు, లాయర్ సలహా ప్రకారం ఓటర్ల జాబితా చూసే మీ కౌంటీ జనరల్ రిజిస్ట్రార్ కార్యాలయానికి పేరు తీసేయమని రాతపూర్వకంగా కోరండి, తీసేసినట్టు ఉత్తరం తీసుకోండి. మూడు, ఎప్పుడూ ఓటేయలేదని చూపించే ఓటింగ్ చరిత్ర కాగితం కూడా అడగండి. రేపు సిటిజన్‌షిప్ దరఖాస్తు అయిన ఎన్-400 ఫారంలో "ఎప్పుడైనా ఓటరుగా నమోదయ్యారా" అన్న ప్రశ్న వస్తుంది. అక్కడ నిజం చెప్పి ఈ కాగితాలు జతచేయాలి. దాచితే రెండో తప్పు అవుతుంది.

గత నెలలో సిటిజన్‌షిప్ ప్రమాణం అయింది. ఈ నవంబరులో ఓటేయాలంటే ఏం చేయాలి?

పైదానికి తిరగేసిన సమస్య మీకు రావచ్చు. డీఎంవీ దగ్గర మీ పాత రికార్డులో ఇంకా నాన్-సిటిజన్ అనే ఉంటుంది. నమోదు చేసుకున్నాక ఆ రికార్డు చూసి రిజిస్ట్రార్ "మీ పేరు తీసేస్తున్నాం" అని నోటీసు పంపుతారు, జవాబుకు 14 రోజులే గడువు. ఆ సమయంలో ఇండియాలో ఉంటే పేరు పోతుంది. కాబట్టి ముందు సోషల్ సెక్యూరిటీలో, డీఎంవీలో స్థితి మార్పించుకుని తర్వాత ఓటు నమోదు చేసుకోండి. గడువు దాటినా వర్జీనియాలో ఓటింగు రోజున కూడా నమోదు చేసుకుని ప్రొవిజనల్ బ్యాలెట్ వేయవచ్చు. దాన్ని తర్వాత పరిశీలించి లెక్కిస్తారు.

ముందస్తు ఓటింగ్ ఎన్నికకు 45 రోజుల ముందు మొదలై, ముందటి శనివారం సాయంత్రం 5కు ముగుస్తుంది. ఎన్నిక రోజు ఉదయం 6 నుంచి రాత్రి 7 వరకు. 7కు క్యూలో ఉన్నవాళ్ళందరికీ ఓటు ఉంటుంది.

బ్యాలెట్ మీద స్కూల్ బోర్డు అభ్యర్థుల పక్కన పార్టీ పేరు లేదు. ఎలా తెలుస్తుంది?

చట్టం ప్రకారం ఇది పార్టీరహిత ఎన్నిక, అందుకే ముద్రించరు. నిజానికి రెండు పార్టీలూ తమ మద్దతు ప్రకటిస్తాయి. బూత్ తలుపుకు 40 అడుగుల అవతల నిలబడి పంచే నమూనా బ్యాలెట్లలో ఆ పేర్లుంటాయి. వాటిని తీసుకోండి, కానీ అదొక్కటే చూసి వేయకండి. పదవిలో ఉన్న సభ్యులైతే మీటింగుల వీడియోలున్నాయి. బడుల సరిహద్దులు మార్చిన రాత్రి ఎటు ఓటేశారో పది నిమిషాల్లో తెలుస్తుంది.

లౌడన్‌లో 9 మంది సభ్యులు: 8 డిస్ట్రిక్టులకు ఒక్కొక్కరు, కౌంటీ మొత్తానికి ఒక ఎట్-లార్జ్ సభ్యుడు. ఫెయిర్‌ఫాక్స్‌లో 12 మంది, అందులో ముగ్గురు ఎట్-లార్జ్. అక్కడ ఎట్-లార్జ్‌కు ముగ్గురి దాకా ఎంచుకోవచ్చు. నలుగురికి గుర్తు పెడితే ఆ పోటీలో మీ ఓటు మొత్తం చెల్లదు. ముగ్గురికీ వేయాలన్న నియమం లేదు. ఒక్కరే బాగా నచ్చితే ఒక్కరికే వేయండి, మిగతా రెండు ఓట్లూ ఆ ఒక్కరికి పోటీగా పడకుండా ఉంటాయి.

మా డిస్ట్రిక్ట్ నుంచి పోటీ చేయాలని ఉంది. సిటిజన్‌ను, పిల్లలిద్దరూ హైస్కూల్లో ఉన్నారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

నామినేషన్ ఫీజు లేదు. 125 మంది సంతకాలు కావాలి. అవి ఓటరుగా నమోదై, మీ డిస్ట్రిక్టులోనే ఉంటున్నవాళ్ళవి అయ్యుండాలి. దీంతో పాటు అభ్యర్థిత్వ ప్రకటన, అర్హత పత్రం, ఆర్థిక ఆసక్తుల ప్రకటన. అన్నీ కలిపి జూన్ మూడో మంగళవారం రాత్రి 7 లోపు కౌంటీ రిజిస్ట్రార్‌కు చేరాలి. ఒక్క కాగితం తక్కువైనా బ్యాలెట్ మీద పేరు రాదు. గడువు రోజు కాదు, రెండు వారాల ముందే ఇచ్చేయండి, ఏదైనా తప్పుంటే సరిచేసుకునే వ్యవధి ఉంటుంది.

సంతకాల దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. 125 అన్నారు కదా అని 130 తీసుకుంటే చాలదు. 200 తగ్గకుండా తీసుకోండి. యాష్‌బర్న్ అని చిరునామా ఉన్నంత మాత్రాన యాష్‌బర్న్ డిస్ట్రిక్ట్ కాదు. అదే పోస్టల్ చిరునామా రెండు మూడు డిస్ట్రిక్టుల్లో పరుచుకుని ఉంది. మన విందుల్లో సంతకం చేసేవాళ్ళలో సగం మంది గ్రీన్ కార్డో హెచ్-1బినో, మొహమాటానికి పెట్టేస్తారు. ఆ సంతకం మీకు పనికిరాదు, వాళ్ళకు ప్రమాదం. "మీరిక్కడ ఓటరుగా నమోదయ్యారా?" అని ముందే అడగండి. భర్త భార్య తరఫున పెడితే చెల్లదు. ఫారం పైభాగంలో పదవి, డిస్ట్రిక్ట్, ఎన్నిక తేదీ ముందే నింపాకే సంతకాలు మొదలుపెట్టాలి. సంతకాలు సేకరించే మనిషి ప్రతి సంతకాన్నీ కళ్ళారా చూడాలి, తర్వాత నోటరీ ముందు ప్రమాణం చేయాలి. కాబట్టి గుడి కౌంటర్ మీదో కిరాణా కొట్టు బల్ల మీదో కాగితం వదిలేసి సాయంత్రం తెచ్చుకునే పద్ధతి కుదరదు. మీరే నోటరీ ముందు నిలబడి అబద్ధం చెప్పాల్సి వస్తుంది.

ప్రచార బోర్డులు, కరపత్రాలు, ఫేస్‌బుక్ ప్రకటనలు, అన్నిటి మీదా ఎవరి ఖర్చుతో వేశారో రాయాలి. రోడ్డు పక్కన ప్రభుత్వ స్థలంలో బోర్డు పాతకండి. ఇంకో మాట, అడగకపోయినా చెబుతున్నాం: ఇక్కడ రెండో విడత ఓటింగ్ లేదు, ఒక్క ఓటు ఎక్కువొచ్చినా గెలిచినట్టే. ఒకే డిస్ట్రిక్ట్‌లో మనవాళ్ళిద్దరు నిలబడితే ఇద్దరూ ఒకే స్నేహితుల ఇళ్ళకు వెళ్ళి, ఒకే ఓట్లు చీల్చుకుంటారు. జనవరిలోనే కూర్చుని మాట్లాడుకోండి.

గుంటూరు నుంచి మనవల దగ్గరకొచ్చాను. మన బడి కమిటీ ఎన్నికల్లాంటివేనా ఇవి?

కాదండీ. విద్యాహక్కు చట్టం (2009) ప్రకారం మన దగ్గరిది ఒక్కో బడికి ఒక్కో యాజమాన్య కమిటీ. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సగం మంది మహిళలు. ఇక్కడ కౌంటీలోని బడులన్నిటికీ ఒకే బోర్డు. పిల్లలు లేనివాళ్ళూ ఓటేస్తారు, పోటీ చేస్తారు. మన కమిటీకి దగ్గరగా ఉండేది ఇక్కడి పీటీఏ (తల్లిదండ్రుల, టీచర్ల సంఘం), కానీ దానికి అధికారాలు లేవు.

మా అమ్మకు 72 ఏళ్ళు, సిటిజన్. తెలుగు తప్ప చదవలేదు. తెలుగు బ్యాలెట్ ఉంటుందా?

వర్జీనియాలో లేదు. కానీ ఫెడరల్ చట్టం ప్రకారం చదవలేని ఓటరు తనకు నచ్చిన మనిషిని బూత్ లోపలికి తీసుకెళ్ళొచ్చు. పనిచేయించే యజమాని, యూనియన్ ప్రతినిధి మాత్రం కాకూడదు. కొడుకో కోడలో సరిపోతారు. సహాయం కోరే ఫారం మీద సంతకం చేయమంటారు. మీరు చదివి చెప్పాలి, ఎవరికి వేయాలో చెప్పకూడదు. ఆవిడ చెప్పినట్టే గుర్తు పెట్టాలి. నిలబడలేరనుకుంటే దిగాల్సిన పని కూడా లేదు: 65 ఏళ్ళు నిండినవాళ్ళకు కారు దగ్గరకే బ్యాలెట్ తెచ్చిస్తారు. పార్కింగ్‌లో ఆ గుర్తున్న చోట ఆపి, బోర్డు మీదున్న నంబరుకు ఫోన్ చేయండి.