డాక్టర్ సలహా: రెండు మందు డబ్బాలకూ ఒకే రంగు ఉంటే ప్రమాదమూ ఒకటేనా?

ప్రశ్న: మా ఆయన పొలంలో సైపర్‌మెత్రిన్ అనే పురుగుమందు కొట్టి వచ్చిన రోజు ముఖం చిమచిమలాడుతోందన్నారు, తెల్లారేసరికి తగ్గింది. పోయిన వారం క్లోర్‌పైరిఫాస్ అనే ఇంకో పురుగుమందు కొట్టాక తలనొప్పి, ఒళ్లంతా చెమటలు, రెండుసార్లు వాంతి. రెండు డబ్బాల మీదా పసుపు గుర్తే ఉంది. రంగు ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఏమిటి? నాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: డబ్బా మీది పేర్లు చదివి రాశారు, చాలా మంచి పని చేశారమ్మా. రంగు ఒక్కటే రాసి ఉంటే నేను సరిగా జవాబు చెప్పలేకపోయేవాణ్ని.

ఆ రంగు ఒక్క విషయమే చెబుతుంది: ఒకేసారి ఒంట్లోకి వెళితే ఎంత మోతాదు ప్రాణం తీస్తుందని. దీన్ని ఎలుకల మీద పరీక్షించి తేలుస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో, కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల లోపు మింగితేనే సగం ఎలుకలు చచ్చిపోతే ఆ మందు 1ఎ తరగతి. 5 నుంచి 50 వరకైతే 1బి. 50 నుంచి 2,000 వరకు రెండో తరగతి, ఆపైన మూడోది. హద్దులు అక్కడక్కడా మారినా, చాలా దేశాల్లో ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ గుర్తులు ఇలాంటి లెక్కతోనే వేస్తారు. 50కీ 2,000కీ మధ్య నలభై రెట్ల తేడా ఉంది చూడండి. అవన్నీ ఒకే తరగతిలో ఉంటాయి.

ఒంట్లోకి వెళ్లాక మందు ఏం చేస్తుందో చెప్పేది దాని రసాయన జాతి. సైపర్‌మెత్రిన్ పైరెత్రాయిడ్. చామంతి జాతి పూలలో ఉండే పదార్థాన్ని చూసి తయారుచేసిన రకం ఇది. చర్మంలోని నరాల కొసలను రేపుతుంది కాబట్టి ముఖం చిమచిమలాడుతుంది. సబ్బుతో కడుక్కుంటే మామూలుగా ఒక రోజులో తగ్గిపోతుంది.

క్లోర్‌పైరిఫాస్ సంగతి వేరు. అది ఆర్గానోఫాస్ఫేట్. నరాల సంకేతం పని ముగియగానే దాన్ని ఆపే కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్‌ను పట్టేసుకుంటుంది. సంకేతం ఆగదు. చెమట, చొంగ, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి, కంటిపాప గుండుసూది మొనంత అవుతుంది, ఛాతీలో కఫం నిండుతుంది. కార్బోఫ్యూరాన్ లాంటి కార్బమేట్లు అనే మరో జాతి మందులు కూడా ఇదే ఎంజైమ్‌ను పట్టుకుంటాయి గానీ ఒక రోజు అటూఇటూగా వదిలేస్తాయి. ఆర్గానోఫాస్ఫేట్లు అంత తేలిగ్గా వదలవు. ఎంజైమ్ కోలుకోకముందే మళ్లీ మందు కొడితే దెబ్బ మీద దెబ్బ. నన్ను భయపెడుతున్నది మీ ఆయనకున్న ఈ ప్రమాదమే.

గడ్డిమందు పారాక్వాట్‌ను చూడండి, మీ రెండు మందుల్లాగే అదీ రెండో తరగతే. కానీ దానికి విరుగుడు లేదు, ఒక గుక్కే ఊపిరితిత్తులను బిగదీసి చంపగలదు. ఆ రోగికి అలవాటు కొద్దీ ఆక్సిజన్ ఎక్కువగా పెడితే ఇంకా చేటు. అందుకే ‘ఏదో తెల్లమందు’ అని చెప్పి రోగిని తీసుకొస్తే మా చేతులు కట్టేసినట్టు అవుతుంది. దీర్ఘకాలపు హాని గురించి కూడా రంగు ఏమీ చెప్పదు. మలాథియాన్ తక్కువ విషమున్న మూడో తరగతిలో ఉంది, అయినా 2015లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని ‘బహుశా క్యాన్సర్ కారకం’ కోవలో చేర్చింది.

మీ ఆయన్ని ఈ వారమే డాక్టరుకు చూపించి కోలినెస్టరేజ్ రక్తపరీక్ష చేయించండి. ఫలితం వచ్చేదాకా మందు కొట్టనివ్వకండి. తర్వాతైనా చిక్కటి మందును నీళ్లలో కలిపేటప్పుడు గ్లోవ్స్ తప్పనిసరి, ఎక్కువగా ఒలికేది అప్పుడే. పంపు కారి వీపు తడిస్తే పని ఆపి, చొక్కా విప్పి, సబ్బుతో కడగాలి. తడిచొక్కాతో మధ్యాహ్నం దాకా ఉంటే చర్మం మందును పీల్చుకుంటూనే ఉంటుంది. నాజిల్‌ను నోటితో ఊదకూడదు.

ఊపిరి ఆడకపోయినా, చూపు మసకబారినా, మందు కొట్టిన నాలుగు రోజుల్లోపు మెడ ఎత్తలేకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఎవరైనా పొరపాటున మింగితే బలవంతంగా కక్కించవద్దు, మందు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాడే ప్రతి మందు లేబుల్‌నూ, పేరు కనిపించేలా, ఇప్పుడే ఫోన్‌లో ఫొటో తీసి ఉంచుకోండి.