ఆయాసం ఉన్న బాబుకి మత్తు ఇవ్వొచ్చా?

ప్రశ్న: మేడం, మాది గుంటూరు, మిర్చి యార్డు దగ్గర్లోనే ఇల్లు. బాబుకి 6 ఏళ్ళు. చిన్నప్పట్నుంచీ ఆయాసం, రోజూ బుడెకార్ట్ ఇన్హేలర్ వాడుతున్నాం, పిల్లికూతలొస్తే ఆస్తాలిన్ ఇన్హేలర్. గజ్జల్లో హెర్నియాకి వచ్చే వారం ఆపరేషన్ అన్నారు. పది రోజుల క్రితం జలుబు, దగ్గు వచ్చి తగ్గింది. ఆ రోజు పరగడుపున ఉండాలి కాబట్టి ఇన్హేలర్ కూడా వద్దని మా అత్తయ్యగారు అంటున్నారు. మత్తంటేనే భయంగా ఉంది.

జవాబు: ఇన్హేలర్ మాత్రం ఆపొద్దమ్మా. పరగడుపున ఎందుకు ఉంచుతారంటే మత్తులో పొట్టలోది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోకూడదని, మరి ఇన్హేలర్ మందు పీల్చేదే కదా, దాంతో పొట్టేం నిండదు. ఆపరేషన్ రోజు పొద్దున కూడా బుడెకార్ట్ మామూలుగానే ఇచ్చి, నోరు పుక్కిలించి ఉమ్మేయించండి చాలు. ఆస్తాలిన్, దానికి తగిలించే స్పేసర్ డబ్బా బ్యాగులో పెట్టుకెళ్ళండి, మత్తుకి ఓ అరగంట ముందు పీల్పించమంటారు చాలామంది డాక్టర్లు.

నా దిగులల్లా ఆ జలుబు గురించే. ముక్కు కారడం ఆగినా లోపల శ్వాసనాళాలు వాచే ఉంటాయి, కొంతమంది పిల్లల్లో 6 వారాల దాకా కూడా. అలాంటప్పుడు మత్తులో ఊపిరి కోసం పెట్టే గొట్టం తగిలితే చాలు నాళాలు బిగుసుకుపోయి గాలి లోపలికి సరిగ్గా పోకపోవచ్చు, ఆయాసం ఉన్న పిల్లల్లో ఇది ఇంకా ఎక్కువ. అందుకే తొందరలేని ఆపరేషన్ అయితే 2 నుంచి 4 వారాలు వెనక్కి జరుపుతారు. మీరు ఇవాళే హాస్పిటల్‌కి ఫోన్ చేసి జలుబు సంగతి చెప్పండి. లీవు పెట్టేశాం, మంచిరోజు చూసుకున్నాం అని జలుబు సంగతి దాచేసేవాళ్ళు ఉంటారు, థియేటర్ లోపల ఇబ్బంది పడేది పిల్లాడే.

అయితే హెర్నియా కాబట్టి ఒకటి గుర్తుంచుకోండి, వాయిదా పడిన రోజుల్లో గజ్జల్లో ఆ ఉబ్బు గట్టిపడి లోపలికి పోకపోయినా, బాబు నొప్పని ఏడ్చి వాంతులు చేసుకున్నా వెంటనే హాస్పిటల్‌కి పరిగెత్తాల్సిందే, అప్పుడిక జలుబు లెక్కలేం చూడరు.

మత్తు గురించి మరీ అంత భయం వద్దు. పిల్లలకి ఎక్కువగా మాస్కుతో ఇచ్చే సెవోఫ్లురేన్ శ్వాసనాళాల్ని వదులు చేస్తుంది, అంటే మీ బాబుకి మంచిదే. హెర్నియా లాంటి చిన్న ఆపరేషన్‌కి శ్వాసనాళంలోకి గొట్టం దించకుండా గొంతు దగ్గరే ఆగే ఎల్ఎంఏ అనే పరికరం పెట్టడం కూడా కుదురుతుంది చాలాసార్లు, ఏది సరిపోతుందో మత్తు డాక్టర్ చూసి చెప్తారు. ఆయన్ని ముందురోజే కలిసి ఈ మధ్య ఆయాసం ఎక్కువై ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ సిరప్ ఏమన్నా వాడారా, ఐసీయూలో ఎప్పుడైనా ఉన్నాడా, రాత్రిళ్ళు దగ్గుతో లేస్తున్నాడా, ఏ మందుకైనా ఒళ్ళు దద్దుర్లొచ్చాయా, ఇవన్నీ చెప్పండి. ఇంట్లో ఎవరైనా సిగరెట్ తాగితే అదీ చెప్పాలి, బాల్కనీలోనే తాగుతున్నా అంటే కుదరదు, ఆ పొగ పీల్చే పిల్లలకి మత్తులో ఇబ్బందులు ఎక్కువ. యార్డులో సీజన్ నడుస్తుంటే ఆ ఘాటు ఇంట్లోకి రాకుండా కిటికీలు మూసుకోండి, వీలైతే బాబుని కొన్నాళ్ళు అమ్మమ్మగారింట్లో ఉంచండి.