కో ఆప్షన్ సీటుకు మనిషిని ఎంచుకునే ముందు

బిడ్డా,

మన వరంగల్ కార్పొరేషన్‌లో కో ఆప్షన్ సీటు, అంటే జనం ఓట్లతో కాకుండా కౌన్సిలే ఎంచుకునే సభ్యుడి సీటు, ఒకటి ఖాళీ అయిందని, ఎవరికి మద్దతు ఇవ్వాలో తేలక నువ్వు సతమతమవుతున్నావని మీ అమ్మ చెప్పింది. మొదటిసారి కార్పొరేటర్‌వి అయ్యావు, ఈ టెన్షన్ మామూలే. కౌన్సిల్ మీటింగులకు ఎజెండా తయారుచేసే సెక్షన్‌లోనే నా నౌకరీ చాలావరకు గడిచింది. ఓట్లతో గెలిచి వచ్చినవాళ్లనూ చూశాను, ఓట్లు లేకుండా వచ్చినవాళ్లనూ చూశాను. నాకు అర్థమైంది రాస్తున్నాను, తీరిగ్గా చదువు.

డివిజన్ సీటు ఖాళీ అయితే ఉప ఎన్నిక పెట్టాల్సిందే. అక్కడ కౌన్సిల్ తనకు నచ్చినవాళ్లను కూర్చోబెట్టడానికి వీల్లేదు. మీ చేతిలో ఉన్నది ఈ కో ఆప్షన్ ఒక్కటే. మున్సిపల్ పాలనలో ప్రత్యేక పరిజ్ఞానమో అనుభవమో ఉన్నవాళ్లను తీసుకోవచ్చని చెప్పిన రాజ్యాంగం 243ఆర్ అధికరణమే, వాళ్లకు మీటింగులో ఓటు ఉండదని కూడా చెప్పింది. ఈ మాట దగ్గర కాసేపు ఆగు. ఓటు లేని సభ్యుడు మేయర్‌ను నిలబెట్టలేడు, పడగొట్టలేడు, మీ పార్టీ లెక్కకు ఒక్క చెయ్యి కూడా కలపలేడు. ఆయన చేయగలిగిందల్లా చదవడం, అడగడం, చెప్పడం. అవి రాని మనిషిని తెస్తే ఆ కుర్చీ ఉన్నా లేనట్టే. అయినా మన దగ్గర ఈ సీటును టికెట్ రానివాళ్లను ఊరుకోబెట్టడానికే వాడుతున్నారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే.

ఆ సీటు విలువ ఎంతో నా కళ్లతో చూశాను. ఒక మీటింగుకు సైడ్ డ్రెయిన్ ఎస్టిమేట్ వచ్చింది. అప్పటికి పొద్దు పోయింది, అందరూ లేచిపోయే తొందరలో ఉన్నారు. వెనక వరుసలో కూర్చున్న కో ఆప్షన్ సభ్యుడు, రిటైరైన ఇంజనీరు, లేచి నిలబడి, "ఈ డ్రెయిన్ పోయి కలిసే పెద్ద కాల్వ, ఆ నాలా అడుగుభాగం దీనికన్నా ఎత్తులో ఉంది కదా, నీళ్లు వెనక్కి తన్నవా? లెవెల్స్ తీసిన కాగితం చూపండి" అన్నాడు. అసిస్టెంట్ ఇంజనీరు ఫైలు ఈ కొస నుంచి ఆ కొస దాకా తిరగేశాడు. కాగితం లేదు. ఐటమ్ వాయిదా పడింది, తర్వాత ఎస్టిమేట్ మార్చి తెచ్చారు. ఆ రోజు ఆయన అడగకపోతే పైసలు పోవడమే కాదు, ఆ గల్లీవాళ్ల ఇళ్లలోకి మురుగునీళ్లు వచ్చేవి.

వరంగల్‌కు అలాంటి మనుషులు ఎంత అవసరమో నీకు తెలుసు. 2020 ఆగస్టులో మునిగాం, 2023 జులైలో మళ్లీ మునిగాం. రెండోసారి భద్రకాళి చెరువు కట్టకు గండి పడితే పోతననగర్ వైపు జనం ఎట్లా వణికారో నువ్వూ చూశావు. అందుకే దరఖాస్తు పెట్టినవాళ్లను టీ తాగడానికి పిలిచి మాటలు వినడం కాదు, నయీంనగర్ నాలా వెంట ఒక పూట నడుద్దాం రమ్మను. ఎక్కడ ఇరుకైంది, ఎందుకు ఇరుకైంది, పై నుంచి ఎక్కడి నీళ్లు వస్తున్నాయి అని అడుగు. తెలిసినవాళ్లు నువ్వు అడగకముందే చెయ్యి చూపించి చెప్పడం మొదలుపెడతారు. తెలియకపోయినా తెలుసుకోవాలన్న తపన ఉన్నవాళ్లు నిన్నే ఎదురు ప్రశ్నలు వేస్తారు, వాళ్లను కూడా వదులుకోకు. నడుస్తూ నడుస్తూ తనకు ఏ నాయకుడు దగ్గరో చెప్పేవాళ్లు ఉంటారు, వాళ్లను మర్యాదగా పంపించెయ్యి.

ఇంకో పని చెయ్యి. పోయినేడు బడ్జెట్ పుస్తకం ఒక కాపీ ఇచ్చి, వారం తర్వాత దాని మీద మాట్లాడమను. మొక్కల పెంపకానికి హరిత బడ్జెట్ కింద పది శాతం పెట్టాలని 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం చెప్తుంది. ఆ పైసలతో మొక్కలు ఎక్కడ పెట్టారు, ఎన్ని బతికాయి అని ఎవరైనా అడిగితే, ఆ పేరు పక్కన టిక్కు పెట్టుకో.

మంచివాళ్లు దొరకరు అని మాత్రం అనకు. అదే చట్టం ప్రకారం ప్రతి వార్డుకూ నాలుగు కమిటీలు ఉండాలి: యువత, మహిళలు, సీనియర్ సిటిజన్లు, ప్రముఖులు, ఒక్కోదాంట్లో పదిహేను మంది. వాటి మినిట్స్ తెప్పించి చదువు. సంతకం పెట్టి వెళ్లిపోయినవాళ్లెవరో, నల్లా నీళ్ల గురించో కుక్కల గురించో పట్టుబట్టి అడిగినవాళ్లెవరో వాటిలోనే తెలిసిపోతుంది. గ్రేటర్ వరంగల్‌లో కలిసిన 42 ఊళ్ల వైపు కూడా చూడు. మడికొండ డంపింగ్ యార్డు పొగ పీల్చే మనిషి చెత్త మీద మాట్లాడితే ఆ మాటకు ఉండే బరువు వేరు. సర్పంచిగా పనిచేసి లెక్కలు తెలిసిన ఆడమనిషి ఎవరైనా ఉంటే ఇంటికి వెళ్లి మరీ దరఖాస్తు పెట్టమని అడుగు, ఆమె తనంతట తాను రాకపోవచ్చు.

కో ఆప్షన్ సీట్లలో కొన్ని అనుభవం ఉన్నవాళ్లకు, కొన్ని మైనారిటీలకు ఉంటాయి. ఖాళీ అయింది అనుభవం కోటా సీటు అని విన్నాను. ఫైలు తీసి చూసి ఖాయం చేసుకో. మైనారిటీ సీటే అయితే పెద్దలు ఇద్దరు ముగ్గురు చెప్పిన పేరుతో సరిపెట్టుకోకు. మండిబజార్‌లో ముస్లిం కుటుంబాల ఇబ్బంది వేరు, కాజీపేట ఫాతిమానగర్‌లో క్రైస్తవుల ఇబ్బంది వేరు. రెండుచోట్లా ఆడవాళ్లతో కూడా మాట్లాడు.

కాగితాల సంగతి అధికారులు చూస్తారులే అని వదిలెయ్యకు. ఓటర్ల జాబితాలో పేరు, ఇంటిపన్ను బకాయి, కార్పొరేషన్ కాంట్రాక్టులతో సంబంధం, ఈ మూడూ నువ్వే అడిగి తెలుసుకో. మూడోది బావమరిది పేరు మీద కూడా ఉండొచ్చు.

ఫోన్లు వస్తాయి. పెద్ద నాయకుల నుంచి, కులసంఘం నుంచి, మన చుట్టాల నుంచి కూడా. ఎవరి మీదా గొంతు పెంచకు. "దరఖాస్తు పెట్టమనండి, చదివి చెప్తాను" అని అందరికీ ఒకే మాట చెప్పు. ఒక్కరికి మాట ఇచ్చావంటే ఇక మిగతా దరఖాస్తులు చదవబుద్ధి కాదు. మీ పార్టీ వేరే పేరు ఖాయం చేసి పంపితే, నీ మనసులోని పేరు, దానికి కారణాలు ఒక కాగితం మీద రాసి మీటింగుకు ముందే మీ నాయకుడికి ఇవ్వు. ఆయన ఒప్పుకోకపోవచ్చు. కానీ ఆ పేరు ఆయన మనసులో ఉంటుంది, తర్వాతి ఖాళీకి పనికొస్తుంది.

ఎంపిక అయిపోయాక, రానివాళ్లకు నువ్వే స్వయంగా ఫోన్ చెయ్యి. నాలా గురించి బాగా చెప్పినవాళ్లను వార్డు కమిటీలో ఖాళీ ఉంటే అక్కడికి రమ్మను. దరఖాస్తులన్నీ చేతికి వచ్చిన వారం ఆదివారం ఇంటికి రా, బడ్జెట్ పుస్తకం కూడా పట్టుకురా, నేను నీతో కూర్చుంటాను.

నీ
పెద్దబాపు