తెలుగు మీడియం నుంచి జీఆర్‌ఈ వర్బల్‌కి: పదం దగ్గర తెలుగు ఉండాలి, వాక్యం దగ్గర వద్దు

మీరు అడిగింది: "పదో తరగతి దాకా తెలుగు మీడియం. జీఆర్‌ఈకి నాలుగు నెలలుంది. రోజుకు 50 పదాలు బట్టీ పడుతున్నాను, వారం తిరిగేసరికి సగం గుర్తుండట్లేదు. ప్యాసేజీ చదవడానికే టైమ్ అయిపోతోంది. వర్బల్ నా వల్ల అవుతుందా, డేట్ మార్చుకోవాలా?"

అవుతుంది. కొత్తగూడెం దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో నేనూ పది దాకా తెలుగు మీడియమే. విదేశాల్లో పీజీ సీటు కోసం రాసే ఈ జీఆర్‌ఈని మొదటిసారి రాసినప్పుడు వర్బల్‌లో, అంటే ఇంగ్లిష్ పదాలూ చదవడమూ పరీక్షించే భాగంలో, 146 వచ్చింది. ఐదు నెలల తర్వాత మళ్లీ రాస్తే 157. స్కోరు 130 నుంచి 170 దాకా ఉంటుందని మీకు తెలిసే ఉంటుంది, నేను అప్లై చేసిన యూనివర్సిటీలకు ఆ 157 సరిపోయింది. ఈ మధ్యలో నేను మార్చుకున్న పెద్ద విషయం ఒకటే. తెలుగును ఎక్కడ వాడుకోవాలి, ఎక్కడ పక్కన పెట్టాలి అన్నది. మొదటిసారి సరిగ్గా తలకిందులుగా చేశాను. పదాల దగ్గర తెలుగు వద్దనుకుని ఇంగ్లిష్ అర్థాలు బట్టీ కొట్టాను. వాక్యాల దగ్గరేమో ఒక్కొక్కదాన్నీ మనసులో తెలుగులోకి మార్చుకుంటూ చదివాను. మీ ప్రశ్న చూస్తే మీరూ అదే చేస్తున్నారని నాకు అనిపిస్తోంది.

ముందు పదాల సంగతి. నేను చేరిన కోచింగ్ సెంటర్‌లో మూడు వేల పదాల జిరాక్స్ కట్ట చేతిలో పెట్టారు. ఒక్కో పదం పక్కన ఒక లైను ఇంగ్లిష్ అర్థం. అందులో 'పర్‌ఫంక్టరీ' అనే మాట నన్ను చాలా ఏడిపించింది. 'తక్కువ శ్రమతో చేసిన' అని అర్థం ఇచ్చారు. మూడుసార్లు నేర్చుకున్నాను, మూడుసార్లూ మర్చిపోయాను. దసరాకి ఇంటికి వెళ్లినప్పుడు వాకిలి ఊడుస్తుంటే నాయనమ్మ అరుగు మీద నుంచి అంది: "ఏందే, మొక్కుబడికి ఊడుస్తున్నవు? ఆ మూలకు చీపురు తగిలిందా అసలు?" చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పర్‌ఫంక్టరీ అంటే ఇదే కదా. చేయాలి కాబట్టి చేసేయడం, మనసు పెట్టకపోవడం. 'తక్కువ శ్రమ' అన్న అర్థంలో ఆ తిట్టు లేదు. 'మొక్కుబడి'లో ఉంది. ఆ తర్వాత ఆ పదాన్ని నేను మళ్లీ చదవాల్సిన పని పడలేదు.

ఆ రాత్రే జిరాక్స్ కట్ట తీసి కొత్తగా మొదలుపెట్టాను. ప్రతి పదానికీ ఇంట్లో, వీధిలో వినిపించే తెలుగు మాట ఏదా అని వెతకడమే పని. కెప్రిషస్ అంటే పూటకో మాట మార్చే మనిషి. అబ్సీక్వియస్ అంటే అడుగులకు మడుగులొత్తడం. ప్లకేట్ అంటే బుజ్జగించడం. రికాల్సిట్రంట్ అంటే మొండికేసినవాడు. కర్సరీ అంటే పైపైన చూసి వదిలేయడం. గారులస్ అంటే వాగుడుకాయ, లకానిక్ అంటే అడిగినదానికి ముక్తసరిగా జవాబిచ్చేవాడు. ఇలా దొరికిన మాటలో అర్థంతో పాటు మెప్పో, తిట్టో కూడా కలిసే ఉంటుంది. జీఆర్‌ఈకి కావలసింది అదే. నా జిరాక్స్ కట్టలో ఫ్రూగల్‌కీ, పార్సిమోనియస్‌కీ ఒకే అర్థం ఉంది, తక్కువ ఖర్చు పెట్టడం అని. కానీ మొదటిది పొదుపు, రెండోది పిసినారితనం. ప్రశ్నలో ఇచ్చిన వాక్యంలోని ఖాళీలో ఏది పడుతుందో ఆ తేడానే తేలుస్తుంది.

దీనికి నిఘంటువు తెలుగు అంతగా పనికిరాదు. గ్రాంథికమైన సంస్కృత సమాసం రాసుకుంటే, దానికి మళ్లీ అర్థం వెతుక్కోవాలి. మాట తోచనప్పుడు ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో బ్రౌన్ నిఘంటువులు తిరగేసేదాన్ని. కానీ కార్డు మీద రాసుకున్నది మాత్రం మా ఇంట్లో పలికే మాటే.

ఒక జాగ్రత్త. తెలుగు తోడు తప్పుదారి పట్టించే చోట్లూ ఉన్నాయి. 'సాంగ్విన్' అనే పదం లాటిన్‌లో రక్తం అనే మాట నుంచి వచ్చిందని చదివాను. మనకు రక్తం అనగానే ఉడుకు రక్తం, ఆవేశం గుర్తొస్తాయి. కోపిష్ఠి అని రాసుకుని రెండు ప్రశ్నలు పోగొట్టుకున్నాను. యూరప్ పాత వైద్యంలో ఒంట్లో రక్తం ఎక్కువున్న మనిషి ఉల్లాసంగా ఉంటాడని నమ్మేవారు. అందుకే సాంగ్విన్ అంటే అంతా మంచే జరుగుతుందని ధీమాగా ఉండేవాడు. ఎనర్వేట్ అంటే శక్తినివ్వడం కాదు, నీరసపరచడం. రెస్టివ్‌లో 'రెస్ట్' కనిపించినా విశ్రాంతి కాదు, కుదురుగా ఉండలేకపోవడం. ఇలాంటివి పట్టుబడినప్పుడల్లా ఎర్ర పెన్నుతో రాసుకోండి.

బాగా తెలిసినవనుకునే చిన్న పదాలను కూడా వదలకండి. క్వాలిఫై అంటే పరీక్ష పాసవడం అనుకుంటాం. ప్యాసేజీలో రచయిత తన వాదనను క్వాలిఫై చేశాడంటే, అన్న మాటకు ఒక హద్దు గీశాడని: 'ఎప్పుడూ కాదు, ఫలానా సందర్భంలోనే' అని. చెక్ అంటే అడ్డుకట్ట వేయడం. ఫ్లాగ్ అంటే డీలాపడటం. శాంక్షన్ అంటే అనుమతీ అవుతుంది, శిక్షా అవుతుంది. నా మొదటి ప్రయత్నంలో అరుదైన పదాలు పోగొట్టిన మార్కుల కంటే ఇవి పోగొట్టినవే ఎక్కువ.

ఇంకో సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, మీకు చెప్పాలని ఉంది. తెలుగు ద్రావిడ భాషే అయినా మనం రోజూ వాడే సంస్కృత పదాలు కొల్లలు. ఆ సంస్కృతానికీ గ్రీకు, లాటిన్‌లకూ చుట్టరికం ఉందని విలియం జోన్స్ 1786లో కలకత్తాలో ప్రసంగించాడు. జీఆర్‌ఈ పదాల్లో చాలా భాగం ఆ గ్రీకు, లాటిన్ సంతానమే. అంటే మనకు దూరపు చుట్టాలు. 'జ్ఞ' తెలిస్తే కాగ్నిజెంట్, ప్రాగ్నోసిస్‌లలోని 'గ్న' తెలిసినట్టే. అజ్ఞ, ఆగ్నాస్టిక్ పక్కపక్కన పెట్టి చూడండి, ముందున్న 'అ'తో సహా కలుస్తాయి. వాక్కుకి చుట్టం వొసిఫరస్, అంటే గొంతు చించుకునేవాడు. ఈక్వివోకల్ కూడా అదే ఇంటిది: రెండు వైపులా సమానంగా పలికే మాట, మన గోడమీద పిల్లి వాటం. నవకి నోవిస్, అంటే కొత్తగా నేర్చుకునేవాడు; మృతికి మోరిబండ్, అంటే చావుకు దగ్గరైన. తెలుగు మీడియంలో చదువుకోవడం లోటు కాదని నాకు మొదటిసారి అనిపించింది ఈ పదాలు రాసుకుంటున్నప్పుడే. అయితే వేరు చూసి ఊహించడం గుర్తుపెట్టుకోవడానికే గానీ, పరీక్షలో అర్థం తేల్చడానికి కాదు. పెడెస్ట్రియన్‌లో పాదం ఉంది, పెడగాగ్ (పంతులు)లో ఉన్నది మాత్రం పిల్లవాడు.

రోజుకు 50 ఆపేయండి. 15 చాలు. పాత నోట్‌బుక్ అట్టలు కత్తిరించి కార్డులు చేసుకున్నాను, మూడు మిఠాయి డబ్బాలు పెట్టుకున్నాను. కొత్త పదం మొదటి డబ్బాలో, రోజూ చూడాలి. గుర్తొస్తే రెండో డబ్బాకి, మూడు రోజులకోసారి. అక్కడా గుర్తొస్తే మూడో డబ్బాకి, వారానికోసారి. ఎక్కడ తప్పినా తిరిగి మొదటి డబ్బాకే. ఇది సెబాస్టియన్ లైట్నర్ అనే జర్మన్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి, ఫోన్లో కావాలంటే ఆంకీ యాప్ ఇదే పని చేస్తుంది. నాకు అట్టలే నచ్చాయి. కార్డు వెనక తెలుగు మాట, దాని కింద నాకు తెలిసిన మనిషి గురించి ఒక ఇంగ్లిష్ వాక్యం. మొత్తం మీద 1,100 పదాల దగ్గర ఆగాను. మూడు వేలు అవసరం పడలేదు.

ఇక చదవడం. మీ అసలు కష్టం ఇక్కడే ఉంది, కాబట్టి నిదానంగా చెబుతాను.

నేను వాక్యాన్ని తెలుగులోకి మార్చుకుంటూ చదివినప్పుడు ఎందుకు ఆలస్యమయ్యేదో ఒకరోజు గమనించాను. తెలుగులో క్రియ చివర వస్తుంది, వివరణలన్నీ ముందే వస్తాయి. ఇంగ్లిష్‌లో ముందు కర్త, తర్వాత క్రియ, వివరణలు వెనకాల తోకలా వస్తాయి, ఒక్కోసారి మధ్యలో దూరతాయి. ఉదాహరణకు ఈ మాట చూడండి, నేనే కల్పించాను: 'దక్కన్‌లోని పెద్ద చెరువులన్నీ రాజులే తవ్వించారని చరిత్రకారులు చాలాకాలంగా నమ్ముతూ వచ్చిన అభిప్రాయాన్ని కొత్త శాసనాలు ప్రశ్నిస్తున్నాయి.' ఇదే ఇంగ్లిష్‌లో అయితే 'ది అజంప్షన్' అని మొదలవుతుంది. తర్వాత చరిత్రకారుల ముక్క, ఆ తర్వాత 'దట్' అంటూ చెరువుల ముక్క, అవన్నీ దాటాక ఎక్కడో 'హ్యాజ్ బీన్ క్వశ్చన్డ్'. దీన్ని తెలుగు వరసలో పేర్చాలంటే చివరిదాకా వెళ్లి, కళ్లు వెనక్కి తెచ్చి, మధ్యనుంచి ఎత్తుకోవాలి. ప్రతి వాక్యాన్నీ రెండుసార్లు చదువుతున్నాను అన్నమాట. టైమ్ అక్కడే పోతోంది.

దీనికి నాకు పనిచేసింది బళ్లో నేర్చుకున్న కర్త, కర్మ, క్రియే. అనువాదం చేయకుండా రెండు ప్రశ్నలు వేసుకోవడం: ఎవరు లేదా ఏది? ఏమైంది? అజంప్షన్, క్వశ్చన్డ్. అంతే. ఎముకలు దొరికాక మాంసం అదే అతుక్కుంటుంది. మొదటి పది రోజులు పెన్సిల్‌తో ఈ రెండిటి కింద మాత్రమే గీత గీశాను. చదివిన లైను మీద పోస్టుకార్డు జరుపుతూ పోయాను, కళ్లు వెనక్కి పోకుండా. మొదట్లో భయమేసింది, సగం అర్థం కాలేదు. మూడో వారానికి కార్డు అవసరం తగ్గింది. పొద్దున పది నిమిషాలు పైకి చదివేదాన్ని కూడా. గొంతుతో చదువుతుంటే తెలుగులోకి మార్చుకునే తీరిక ఉండదు.

మలుపు మాటల్ని మాత్రం వదలొద్దు. హవెవర్, యెట్, ఆల్దో, నెవర్‌దిలెస్, ఫార్ ఫ్రమ్. ఇవి కనిపించగానే మనసులో 'అయినా', 'అలాగని' అనుకుని ఒక క్షణం ఆగండి. రచయిత తన సొంత మాట చెప్పేది చాలాసార్లు అక్కడే.

ఏం చదవాలి? ప్యాసేజీలు జీవశాస్త్రం, చరిత్ర, కళలు, సమాజం మీద వస్తాయి. కాబట్టి రోజూ ఈయాన్ అనే వెబ్ పత్రికలో ఒక వ్యాసం, లేదా స్మిత్సోనియన్ మ్యాగజైన్‌లో ఒకటి, మధ్యమధ్య ది హిందూ సంపాదకీయం. చదివాక మూసేసి 'ఇతను ఏమంటున్నాడు' అని రెండు వాక్యాలు రాయండి, ఇది తెలుగులో రాసినా ఫర్వాలేదు. ఆఫీసు లేని రోజు చిక్కడపల్లి లైబ్రరీకి వెళ్లేదాన్ని. గ్రూప్స్‌కి చదివేవాళ్ల మధ్య కూర్చుంటే ఫోన్ మీదకు చెయ్యి పోయేది కాదు.

ప్రశ్నల దగ్గర క్లుప్తంగా చెబుతాను. ఖాళీలు పూరించేటప్పుడు ఆప్షన్లు చేత్తో మూసి, ఆ ఖాళీలో మీ తెలుగు మాట పెట్టండి. 'మామూలుగా ఆమె ఫలానా, ఆ రోజు మాత్రం నోరు మూయలేదు' అంటే మితభాషి కావాలి, అప్పుడు ఆప్షన్లు తెరిచి టాసిటర్న్‌ను పట్టుకోండి. ఆరింటిలో రెండు ఎంచుకోవాల్సిన వాటిలో, ఎంత బాగా అతికినా జత లేని పదాన్ని వదిలేయాలి. రెండు మూడు ఖాళీలున్న వాటిలో ఒక్కటి తప్పినా మార్కు రాదు, కాబట్టి తేలికగా ఉన్న ఖాళీతో మొదలుపెట్టండి, మొదటి ఖాళీతోనే కాదు. ప్యాసేజీ ఆప్షన్లలో 'ఓన్లీ', 'ఆల్వేస్' లాంటి గట్టి మాటలు కనిపిస్తే వెనక్కి వెళ్లి చూడండి. లోకంలో నిజమే అయినా ప్యాసేజీలో లేనిది జవాబు కాదు. నేను చదువుకున్నదాన్నిబట్టి జవాబిచ్చి చాలాసార్లు దెబ్బతిన్నాను.

టైమ్ లెక్క మీరు ఏ పుస్తకం నుంచి చూస్తున్నారో సరిచూసుకోండి. 2023 సెప్టెంబర్ 22 నుంచి పరీక్ష గంటా 58 నిమిషాలకు తగ్గింది. వర్బల్‌లో ఇప్పుడు 18 నిమిషాలకు 12 ప్రశ్నలు, 23 నిమిషాలకు 15 ప్రశ్నలు. ఆబిడ్స్ ఆదివారం అంగడిలో నేను కొన్న పుస్తకంలో 30 నిమిషాలకు 20 అని ఉంది, అది పాత పద్ధతి. ప్రశ్నలు మాత్రం అభ్యాసానికి బాగానే ఉంటాయి. నెగెటివ్ మార్కులు లేవు, ఒక్క ప్రశ్నా ఖాళీగా వదలకండి. పెద్ద ప్యాసేజీ ప్రశ్నకు తెర మీద 'మార్క్' పెట్టి ముందుకెళ్లి, అదే సెక్షన్‌లో మళ్లీ వెనక్కి రావచ్చు. మొదటి సెక్షన్ ఎలా చేశారన్నదాన్ని బట్టి రెండోది కఠినమవుతుంది. అది కష్టంగా అనిపిస్తే కంగారు పడకండి, అది మంచి సంకేతమే కావచ్చు.

డేట్ మార్చాలా అన్నారు. ఇప్పుడే వద్దు. జీఆర్‌ఈ పెట్టే ఈటీఎస్ సంస్థ వాళ్ల అభ్యాస పరీక్షలు, పవర్‌ప్రెప్‌లో రెండు ఉచిత టెస్టులున్నాయి. ఒకటి ఈ ఆదివారమే రాసి స్కోరు కాగితం మీద రాసి పెట్టుకోండి, రెండోది పరీక్షకు మూడు వారాల ముందు వరకు ముట్టుకోకండి. ఆ రెండో స్కోరు చూశాక కూడా మార్చాలనిపిస్తే పరీక్షకు నాలుగు రోజుల ముందు దాకా అవకాశం ఉంది, ఫీజు కొంత పడుతుంది. ఒకవేళ రాశాక తక్కువ వచ్చినా 21 రోజుల తర్వాత మళ్లీ రాయొచ్చు. నేను అలా రాసినదాన్నే. అప్పటిదాకా ఈ రాత్రి మీ కట్టలోంచి బాగా ఏడిపిస్తున్న 15 పదాలు తీయండి, వాటిని మీ ఇంట్లో ఏమంటారో అమ్మనో నాయనమ్మనో అడిగి కార్డుల వెనక రాయండి.