పైథియాలో హాడ్రనైజేషన్ అంటే ఉత్త నంబర్లు సర్దడమేనా?

"జెట్లు హాడ్రాన్లుగా మారే చోట అసలు ఫిజిక్స్ ఏముంది, డేటాకి సరిపోయేదాకా నంబర్లు మార్చడమే కదా" అని ఒకరు అడిగారు. పైథియా అంటే కణాల కొలిజన్లని కంప్యూటర్‌లో నడిపించి చూపించే ప్రోగ్రామ్. జెట్ అంటే కొలిజన్‌లోంచి ఒకే దిక్కుకి దూసుకొచ్చే కణాల ధార, అందులోని క్వార్కులు కలిసి ప్రోటాన్, పయాన్ లాంటి హాడ్రాన్లుగా మారడమే హాడ్రనైజేషన్. కాదండీ. ఈ మాట విన్నప్పుడల్లా బాధేస్తుంది, ఎందుకంటే పీహెచ్‌డీలో ఏడాదిన్నర నేను చేసింది ఆ నంబర్లు మార్చే పనే.

2017లో సెర్న్‌లోని ఆలిస్ ప్రయోగం వాళ్ల పేపర్ వచ్చింది. 7 టీఈవీ శక్తితో జరిగే ప్రోటాన్-ప్రోటాన్ కొలిజన్లలో కణాలు ఎక్కువ పుట్టే కొద్దీ, పయాన్లతో (అన్నిటికంటే తేలికైన హాడ్రాన్లు) పోలిస్తే స్ట్రేంజ్ కణాలు (స్ట్రేంజ్ అనే రకం క్వార్కు ఉండేవి) పెరుగుతున్నాయి, మూడూ స్ట్రేంజ్ క్వార్కులే ఉండే ఒమేగా అయితే అన్నిటికంటే ఎక్కువ. పైథియా 8 డిఫాల్ట్‌లో ఆ పెరుగుదల లేదు. "స్ట్రేంజ్ నంబర్ కాస్త పెంచి చూడమ్మా" అన్నారు మా గైడ్. అది 0.217, అంటే మామూలు తేలిక రకమైన అప్ క్వార్కు-యాంటీక్వార్కు జంటలు వంద పుడితే స్ట్రేంజ్ జంటలు 22 దాకా. 0.3 చేసి రాత్రంతా రన్ పెట్టాను. పొద్దున్నే ప్లాట్ తెరిస్తే ఒమేగా గీత మొత్తం పైకి జరిగింది, కానీ బల్లపరుపుగానే ఉంది, డేటా చుక్కలేమో మెట్లెక్కినట్టు పోతున్నాయి. అదే నంబర్‌తో లెప్ (సెర్న్‌లో ఒకప్పటి ఎలక్ట్రాన్-పాజిట్రాన్ కొలైడర్) జెడ్ బోసాన్ డేటాతో పోల్చితే కేయాన్లు (స్ట్రేంజ్ క్వార్కు ఉన్న తేలిక కణాలు) ఎక్కువైపోయాయి. ఒకచోట కుట్టేసరికి ఇంకోచోట చిరిగింది.

ఆ గీత మెట్లు ఎందుకు ఎక్కలేదంటే, పైథియా వాడే లండ్ మోడల్‌లో (స్వీడన్‌లోని లండ్ యూనివర్సిటీ వాళ్లది) క్వార్కుల మధ్య సాగే తీగ ఫెర్మీకి (దాదాపు ప్రోటాన్ సైజంత దూరం) 1 జీఈవీ చొప్పున శక్తి తీసుకుంటుంది, దాదాపు 16 టన్నుల బరువు వేలాడదీసినంత లాగుడు అది. తీగ తెగిన చోట టన్నెలింగ్‌తో (శక్తి చాలకపోయినా అడ్డు దాటేసే క్వాంటమ్ ప్రక్రియ) కొత్త జంట పుడుతుంది, స్ట్రేంజ్ బరువు కాబట్టి తక్కువ పుడుతుంది. మామూలు పైథియాలో ఏ తీగకా తీగ, పక్కదానితో పని లేదు, అందుకని పది తీగలున్నా వందున్నా నిష్పత్తి అదే. లండ్ వాళ్లే, దగ్గరగా ఉన్న తీగలు పెనవేసుకుని మోకులా మారతాయి, లాగుడు పెరుగుతుంది అని పెడితే ఆ మెట్లు చాలావరకు వచ్చాయి. నంబర్ తిప్పితే రానిది ఊహ మారిస్తే వచ్చింది, మరి అది ఫిజిక్స్ కాకపోతే ఏంటి?

కణాలు ఒక వేడి వాయువులోంచి పుట్టినట్టు లెక్కేసే టెంపరేచర్ మోడల్స్ కూడా ఉన్నాయి, టెంపరేచర్‌ని 160 ఎంఈవీ దగ్గర పెడితే లెప్‌లో ఏ కణం ఎంత పుట్టిందో బాగానే చెప్తాయి, కానీ వాటికీ స్ట్రేంజ్ తగ్గించే నంబర్ వేరేగా ఇవ్వాలి. పైగా జెట్‌లో ఏ కణం ఎటు పోతుందో టెంపరేచర్ ఎలా చెప్తుంది? నా ఓటు తీగలకే.

నాకు నిజంగా కోపం తెప్పించేది ఇంకోటుంది. పైథియాతో ఒకసారి, హెర్విగ్‌తో (ఇలాంటిదే ఇంకో ప్రోగ్రామ్) ఒకసారి రన్ చేసి, రెండిటి తేడాని "సిస్టమాటిక్ ఎర్రర్" అని రాసేస్తారు. హెర్విగ్‌లో క్లస్టర్లు (క్వార్కుల చిన్న గుంపులు), పైథియాలో తీగలు, రెండూ ఒకేవైపు ఒకే అంత తప్పితే ఆ తేడా సున్నా వస్తుంది. కొత్త స్టూడెంట్లకి మొదటి వారమే ఈ అలవాటు చేస్తున్నారు.

ల్యాప్‌టాప్ ఉంటే పైథియా ఫ్రీనే, 91.2 జీఈవీలో ఎలక్ట్రాన్-పాజిట్రాన్ ఈవెంట్లు ఓ పదివేలు నడపండి. చార్జ్ ఉన్న కణాలు ఈవెంట్‌కి సగటున 21 దాకా వస్తాయి. తర్వాత ఆ 0.217 మార్చి, కేయాన్లతో పాటు ఇంకేం కదిలాయో చూడండి.