తాపీ పట్టాలనుంది, జీతం కూడా కావాలి

ప్రశ్న: బీఏ హిస్టరీ ఆఖరి ఏడాది చదువుతున్నాను. మాది సూర్యాపేట దగ్గర పల్లె. ఫణిగిరిలో 2024లో కుండ నిండా సీసపు నాణేలు బయటపడ్డప్పటి నుంచి నాకు ఆర్కియాలజీ పిచ్చి పట్టుకుంది. అయితే క్లాసులో నోట్సు రాసుకునే చదువు నాకొద్దు, మట్టిలో దిగి నేర్చుకోవాలి. బ్రిటన్‌లో కోర్సు మధ్యలో ఏడాదిపాటు జీతమిచ్చి పని చేయిస్తారట. మన దగ్గర అలాంటిది ఉందా? ఇంట్లోనేమో "తవ్వడానికి ఉపాధి హామీ ఉందిగా, ఎంఏ ఎందుకే" అని నవ్వుతున్నారు.
- ఒక పాఠకురాలు

జవాబు: మీవాళ్లు నవ్వులాటకి అన్నా అందులో నిజముంది. ట్రెంచ్‌లో, అంటే తవ్వే గుంటలో, పార, గంప పట్టే ఊరివాళ్లకి సాయంత్రానికి కూలి లెక్కగడతారు, పక్కన నోట్‌బుక్ పట్టుకుని నిలబడ్డ విద్యార్థికి మాత్రం భోజనం, టెంటు, అంతే. నా మొదటి క్యాంపు మూడు వారాలు, బస్సు చార్జీలు కూడా నావే. ఆ మాట ఇంట్లో చెప్పలేదు లెండి.

బ్రిటన్ సంగతి మీరు విన్నది నిజమే. కొన్ని యూనివర్సిటీల్లో డిగ్రీ మధ్యలో ఒక ఏడాది తవ్వకాల కంపెనీలోనో మ్యూజియంలోనో ల్యాబ్‌లోనో పనిచేసి రావచ్చు. అక్కడ ఆ జీతం ఎలా వస్తోందో తెలిస్తే ఇక్కడ ఎందుకు రాదో అర్థమవుతుంది. ఇంగ్లండ్‌లో 1990లో ప్లానింగ్ నిబంధనలు మార్చి, రోడ్డో బిల్డింగో కట్టేవాడే తన స్థలంలో ముందుగా పురావస్తు పరిశీలన చేయించి ఆ ఖర్చు భరించాలన్న పద్ధతి తెచ్చారు. దాంతో తవ్వడమే వ్యాపారంగా కంపెనీలు పెరిగాయి, వాటికి మనుషులు కావాలి, అందుకని విద్యార్థులకీ జీతాలు. లండన్‌లో క్రాస్‌రైల్ అనే కొత్త రైలు మార్గం స్టేషన్ కోసం లివర్‌పూల్ స్ట్రీట్ దగ్గర 2015లో పాత శ్మశానం తవ్వి మూడు వేల అస్థిపంజరాల దాకా తీసింది ఇలాంటి ఏర్పాటుతోనే.

మన దగ్గరా డ్యామ్ కోసం పెద్ద తవ్వకం జరిగింది, నాగార్జునకొండ. సాగర్ నీళ్లొచ్చేలోపు 1954 నుంచి 1960 దాకా లోయంతా తవ్వి, కట్టడాలు కొన్నింటిని కొండమీదికి, అనుపుకి తరలించారు. కానీ అది ప్రభుత్వం చేసిన పని. ఇప్పటికీ ఇక్కడ తవ్వకమంటే భారత పురావస్తు సర్వే, రాష్ట్ర శాఖలు, అనుమతి తెచ్చుకున్న యూనివర్సిటీలు. ప్రైవేటు కంపెనీలే లేనప్పుడు జీతంతో ప్లేస్‌మెంట్ ఎక్కణ్నుంచి వస్తుంది?

అయితే చదువుకుంటూ నెలనెలా డబ్బు చేతికొచ్చే దారి ఒకటుంది. భారత పురావస్తు సర్వేకి గ్రేటర్ నోయిడాలో పండిత్ దీనదయాళ్ ఉపాధ్యాయ పేరుతో సొంత ఇన్‌స్టిట్యూట్ ఉంది. అక్కడ రెండేళ్ల పీజీ డిప్లొమా, స్టైపెండ్ ఇస్తారు, తవ్వకం సిలబస్‌లోనే ఉంటుంది. సీట్లు మాత్రం పదిహేనే అనుకోండి, దేశమంతా పోటీ, పైగా ముందు ఎంఏ ఉండాలి. 2020 అక్టోబర్ నోటిఫికేషన్‌లో అర్హత కింద భాషల ఎంఏల్లో సంస్కృతం, పాళీ, ప్రాకృతం, అరబిక్, పర్షియన్ మాత్రమే రాసి ప్రాచీన హోదా ఉన్న మిగతా భాషల్ని వదిలేశారు. తమిళనాడు గట్టిగా గొడవచేశాక తమిళంతోపాటు తెలుగునీ చేర్చి మళ్లీ ఇచ్చారు. మనవాళ్ల గొంతు అంతగా వినబడినట్టు లేదు, సరే, ఫలితం మనకీ దక్కింది.

ఎంఏకి ఉస్మానియా, తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ ఉన్నాయి, బయటికి వెళ్లగలిగితే పుణె డెక్కన్ కాలేజీ, బరోడా. పేరు చూసి చేరకండి. చేరేముందు సీనియర్‌ని పట్టుకుని రెండే అడగండి: పోయిన రెండేళ్లలో మీ డిపార్ట్‌మెంట్ ఎక్కడ తవ్వింది, అందులో నువ్వు ఎన్ని రోజులున్నావు? "ఒకరోజు టూర్‌కి తీసుకెళ్లారండీ" అన్నారంటే అది మీరు వద్దనుకున్న నోట్సు చదువే.

ఇక మట్టిలో దిగడం అంటారా, ఎక్కువ టైమ్ కూర్చునే గడుస్తుంది. తాపీతో ట్రెంచ్ గోడని నున్నగా గీకుతూ పొర ఎక్కడ మారిందో రంగు చూసి పట్టుకోవాలి, ఎండ నెత్తిమీదికొస్తే ఆ తేడా కనబడదు, కాబట్టి పొద్దున్నే దిగాలి. మధ్యాహ్నం నుంచి కుండపెంకులు బ్రష్షుతో కడిగి ఆరబెట్టి, సంచికో చీటీ, చీటీమీద ట్రెంచ్, పొర, లోతు, తేదీ. ఒకరోజు నేను తడి పెంకుల్ని అలాగే సంచిలో వేసేశాను, తెల్లారేసరికి చీటీ మీద ఇంకు కరిగి నీలం మరక మిగిలింది. మా సార్ తిట్టలేదు. సంచి మొత్తం చెట్టుకింద ఒంపించి, "ఇప్పుడివి ఎవరింటి పెంకులు?" అన్నారు. అప్పట్నుంచీ రాసేది పెన్సిల్‌తోనే.

డబ్బు విషయంలో ఇంకో మాట. తవ్వడం వచ్చినవాళ్లకన్నా పెంకు చూసి కొలతలతో కుండ బొమ్మ గీయగలిగినవాళ్లకి, టోటల్ స్టేషన్ (స్థలం కొలిచే సర్వే యంత్రం), జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు చేసే పద్ధతి) వచ్చినవాళ్లకి ప్రాజెక్టుల్లో తాత్కాలికంగానైనా పని తొందరగా దొరుకుతుంది. ఎంఏ చేస్తూనే నేర్చుకోండి.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ. ఇప్పుడు ఆర్కియాలజీ అంటున్నాడు. సైన్స్ వదిలేయాలా? నాకు టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, గుంటూరు

జవాబు: వదలక్కర్లేదమ్మా. ఎముకలు, గింజలు, బొగ్గు, లోహాలు పరీక్షించేది సైన్స్ వాళ్లే. బీఎస్సీ జియాలజీ చేసి ఇటు వచ్చినవాళ్లు ఉన్నారు. ఈలోగా సెలవుల్లో ఒకసారి అమరావతి మ్యూజియానికి పంపండి, మధ్యాహ్నానికే బోర్ అంటే మీ టెన్షన్ అక్కడే తీరిపోతుంది.

ప్రశ్న: మా చేను పక్కన పాటిగడ్డ, అంటే పాతకాలం ఊరి దిబ్బ, ఉంది. వానపడితే పూసలు, పెంకులు తేలతాయి. మా తమ్ముడూ నేనూ ప్రాక్టీసుగా కొంచెం తవ్వచ్చా?
- ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా

జవాబు: వద్దు. మీరు అడుగు లోతు తవ్వితే పొరలు కలిసిపోతాయి, తర్వాత ఎవరొచ్చినా వాటిని విడదీయలేరు. పైన తేలినవాటిని కూడా ఉన్నచోటే ఉంచి, పక్కన స్కేలో పెన్నో పెట్టి ఫోటో తీసి, తేదీ రాసి రాష్ట్ర పురావస్తు శాఖకి పంపండి. నాణేలో నగో దొరికితే మాత్రం కలెక్టర్‌కి చెప్పాల్సిందే. 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఇంకా నడుస్తోంది, అందులో నిధి విలువ పది రూపాయలు దాటితే చాలు, చెప్పాలి.